తొమ్మిది లైన్ల జవాబులో ఆ అమ్మకు చేరింది ఒక్క లైనే: ఏఐ రిప్లైల మీద మా క్లినిక్ కేసు

నేను అనంతపురంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీస్ చేస్తా. ఆరు బెడ్ల చిన్న క్లినిక్, వచ్చేది ఎక్కువగా షుగర్, బీపీ పేషెంట్లే. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది, ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు కొంచెం మార్చా, మందులు రీడింగులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నా. మా చుట్టుపక్కల చాలామంది డాక్టర్లు ఇప్పుడు పేషెంట్ల వాట్సాప్ మెసేజ్‌లకు ఏఐతో రిప్లైలు రాయిస్తున్నారు, ఇంకొందరు మొదలుపెడదామా అని అడుగుతున్నారు. వాళ్ళు మొదలుపెట్టే ముందు ఇది చదవాలని నా కోరిక.

కరోనా టైంలో పేషెంట్లకు క్లినిక్ వాట్సాప్ నంబర్ ఇచ్చాం, ఇంక అప్పట్నుంచి ఆగింది లేదు. పొద్దున ఓపీ మొదలయ్యేలోపే డెబ్బై ఎనభై మెసేజ్‌లు ఉంటాయి, రిపోర్టుల ఫోటోలు, మాత్రల స్ట్రిప్పుల ఫోటోలు, నిమిషం నిమిషం వాయిస్‌లు. ఇక్కడ బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి, ఈ మెసేజ్‌లలో చాలావరకు పేషెంట్ రాసినవి కావు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు పల్లెల్లో అమ్మానాన్న ఉంటారు, పిల్లలు బెంగళూరులో పనికి పోయుంటారు, అమ్మ ఫోన్‌లో చెప్పిన బాధని కొడుకు తనకు అర్థమైనంత మటుకు టైప్ చేసి మాకు పంపుతాడు. ఈ ఒక్క విషయం ముందే సరిగ్గా ఆలోచించి ఉంటే నేనీ కేసు రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

రాత్రి అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రిప్లైలు కొట్టేవాణ్ణి. అలా ఉన్న టైంలోనే 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన స్టడీ చదివా. ఇంటర్నెట్‌లో జనాలు డాక్టర్లను అడిగిన 195 ప్రశ్నలు తీసుకుని, డాక్టర్లు ఇచ్చిన జవాబునీ చాట్‌బాట్ రాసిన జవాబునీ ఎవరిది ఏదో చెప్పకుండా వైద్యరంగం వాళ్ళకే చూపిస్తే, 78.6 శాతం సార్లు వాళ్ళు చాట్‌బాట్ జవాబే మెరుగ్గా ఉందన్నారు. డాక్టర్ల జవాబు సగటున 52 పదాలు, చాట్‌బాట్‌ది 211. అది చదివి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే నా జవాబులు 52 పదాలు కూడా ఉండవు, "తినొచ్చు, కొంచెం" అని కొట్టి పక్కన పడేసినవే ఎక్కువ.

సరే అని ఒక టూల్ తీసుకున్నాం, పేరు అనవసరం. మెసేజ్ రాగానే మేము ఎక్కించిన పేషెంట్ సమ్మరీ చూసుకుని తెలుగులో డ్రాఫ్ట్ రాస్తుంది, మా నర్సు సిస్టర్ చదివి పంపుతుంది, ఆమెకు డౌట్ వస్తే నాకు పెడుతుంది. పేరు, ఫోన్ నంబర్ టూల్‌కి పోకుండా చూసుకున్నాం, ఆ పని మాత్రం మొదటి రోజే సరిగ్గా చేశాం.

మొదటి రెండు నెలలు బాగా నడిచింది, అది దాచను. ఒకాయన షుగర్‌కి రాగి సంగటి మంచిదంటారు కదా, మూడు పూటలా తినొచ్చా అని అడిగితే, సంగటిలో బియ్యం కూడా పడతాయని, ముద్ద సైజు తగ్గించి ఆకుకూర పప్పు ఎక్కువ కలుపుకోమని, తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసుకోమని ఓపిగ్గా రాసింది. తర్వాతి విజిట్‌కి ఆయన ఆ మెసేజ్ ప్రింట్ తీయించుకుని జేబులో పెట్టుకొచ్చాడు. నా జీవితంలో నేను రాసిన ఏ రిప్లైకీ ఆ గౌరవం దక్కలేదు.

ఒక తప్పు మాత్రం ముందే కనిపించింది. ఒకామె వాయిస్ పెట్టింది, "సార్, కోడలు నీళ్ళు పోసుకుంది, ఆ బీపీ మాత్ర యేసుకోవచ్చా" అని. డ్రాఫ్ట్ ఏమొచ్చిందంటే స్నానం చేశాక మాత్ర వేసుకోవడంలో ఇబ్బందేం లేదు అని. నీళ్ళు పోసుకుందంటే కడుపుతో ఉందని మనకు పుట్టినప్పట్నుంచి తెలుసు, ఆ అమ్మాయి వాడేది టెల్మిసార్టాన్, కడుపుతో ఉన్నప్పుడు వాడకూడని మందు. సిస్టర్ వెంటనే పట్టుకుంది, నేను ఫోన్ చేసి మాత్ర మార్చా. అప్పుడు మేమనుకున్నది, భాష దగ్గర తప్పులు చేస్తుంది, మనిషి చదివితే దొరికిపోతాయి కదా అని. అలా అనుకోవడమే మాకు చెడు చేసింది, ఎందుకంటే తర్వాత వచ్చిన తప్పు భాషలో లేదు, డ్రాఫ్ట్‌లో ఒక్క మాట కూడా తప్పుగా కనిపించలేదు.

కేసు

67 ఏళ్ళ అమ్మ, కళ్యాణదుర్గం వైపు పల్లె. పదకొండేళ్ళుగా షుగర్, బీపీ. వాడేవి షుగర్‌కి గ్లిమిపిరైడ్ మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర పొద్దునొకటి రాత్రొకటి, బీపీకి టెల్మిసార్టాన్. నాలుగు నెలల కింద క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే టెస్టు) 1.3, అంటే కిడ్నీలు అప్పటికే కొంచెం దెబ్బతిన్నాయి. చదువు రాదు, మాత్రల్ని రంగు చూసి గుర్తుపడుతుంది, అన్నీ పాత హార్లిక్స్ సీసాలో వేసుకుంటుంది. చేతిలో ఉండేది బటన్ ఫోన్. ఒక్కతే ఉంటుంది, పక్కింట్లో చెల్లెలు. కొడుకు బెంగళూరులో.

ఆగస్టులో ఒక సోమవారం రాత్రి 8:50కి కొడుకు మెసేజ్ పెట్టాడు: "డాక్టర్ గారు, అమ్మకి రెండు రోజుల నుంచి లూజ్ మోషన్స్, కొంచెం డల్‌గా ఉంది. షుగర్, బీపీ ట్యాబ్లెట్స్ కంటిన్యూ చేయాలా?"

డ్రాఫ్ట్ తొమ్మిది లైన్లు వచ్చింది. అమ్మగారికి ఒంట్లో బాలేనందుకు బాధగా ఉందని మొదలుపెట్టి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించమని, పెరుగన్నం, అరటిపండు పెట్టమని, వీలైతే షుగర్ చెక్ చేయమని, 24 గంటల్లో తగ్గకపోతే క్లినిక్‌కి తీసుకురమ్మని, రక్తం పడితే వెంటనే రమ్మని, మధ్యలో ఒక లైను, "డాక్టర్‌ను సంప్రదించకుండా షుగర్, బీపీ మందులు ఆపవద్దు." సిస్టర్ చదివింది, బాగుందనిపించింది, 9:20కి పంపేసింది.

కొడుకు అమ్మకు ఫోన్ చేశాడు. ఆ తొమ్మిది లైన్లు ఫోన్‌లో చదివి వినిపిస్తారా ఎవరైనా? "డాక్టరు మాత్రలు ఆపొద్దన్నాడు మా, యేసుకో" అన్నాడు. అంతే. ఆ అమ్మ రాత్రికి రెండు ముద్దలు కూడా తినలేదు, మాత్ర మాత్రం వేసుకుని పడుకుంది.

తెల్లవారి 5 గంటలకు చెల్లెలు పాలు తీసుకుని పోయి పిలిస్తే పలకలేదు, కదిపినా లేవలేదు, పక్కంతా చెమటకు తడిసిపోయి ఉంది. 108 వచ్చి చూస్తే షుగర్ 38. వాళ్ళు డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) ఎక్కిస్తే దారిలోనే కళ్ళు తెరిచింది, మా దగ్గరికి వచ్చేసరికి 142, పేరు చెప్తోంది, చెల్లెల్ని గుర్తుపడుతోంది. బాగయిపోయింది కదా సార్, ఇంటికి తీసుకుపోతాం అన్నారు. వద్దని గట్టిగా చెప్పి బెడ్ మీద పెట్టా. గ్లిమిపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ ఒక సీసాతో పోయేది కాదు, కిడ్నీ సరిగ్గా పని చేయనప్పుడు ఆ మందు ఒంట్లోంచి తొందరగా పోదు, ఒక రోజు కాదు రెండు మూడు రోజులు కూడా మళ్ళీ మళ్ళీ లాగుతుంది. అన్నట్టే 11 గంటలకు మళ్ళీ 52. పది శాతం డెక్స్‌ట్రోస్ డ్రిప్ పెట్టి గంట గంటకూ వేలు గుచ్చి చూస్తూ రాత్రంతా నడిపాం. క్రియాటినిన్ 2.6 వచ్చింది. సెలైన్లతో ఐదో రోజుకు 1.5కి దిగింది, ఇంటికి పోయింది.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. వాంతులు, బేదులు పట్టుకుని తిండి లేనప్పుడు ఆ అమ్మ వేసుకునే మందుల్లో ఒక్కటి కూడా వేసుకోకూడదు. గ్లిమిపిరైడ్ తిండి ఉన్నా లేకున్నా షుగర్‌ని కిందికి లాగుతుంది. టెల్మిసార్టాన్ నీళ్ళు తగ్గిన ఒంట్లో కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. కిడ్నీ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ పేరుకుపోయి రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగే ప్రమాదం. మళ్ళీ మామూలుగా తిని తాగే దాకా మూడూ ఆపాలి, ఇది ఎంబీబీఎస్ పిల్లలకు కూడా తెలిసిన విషయం. కొడుకు సరిగ్గా అదే అడిగాడు, ఆపాలా అని. మందులు మీ అంతట మీరు ఆపొద్దు అనేది వందమందిలో తొంభైమందికి మంచి మాటే, టూల్ అలవాటుగా వేసే జాగ్రత్త మాట అది, ఈ అమ్మకు మాత్రం అదే ప్రాణం మీదికి తెచ్చింది. అంతకుముందు రెండు రోజులూ కూడా మాత్రలు వేసుకుంది కాబట్టి అంతా ఆ ఒక్క డోసు వల్లే అనలేను. కానీ ఆపే అవకాశం రాత్రి 8:50కి మా చేతిలోకి వచ్చింది, మేము వదిలేశాం.

మూడో రోజు ఆమె బాగా కూర్చున్నాక అడిగా, అన్నం తినకుండా ఆ మాత్ర ఎందుకు వేసుకున్నావమ్మా అని. "మాన్తే నువ్వు అరుస్తావని యేసుకున్యా నాయనా" అంది. రికార్డు తీసి చూశా, మేలో ఆమె వారం రోజులు మాత్రలు మానేసి వచ్చినప్పుడు నేను కోప్పడిన మాట నిజమే, నా చేత్తోనే ఎర్ర పెన్నుతో రాసున్నా, ఒక్క రోజు కూడా ఆపకూడదని. ఏఐ మాట ఆమె అంత గట్టిగా నమ్మడానికి కారణం అది నా మాటలాగే ఉండటం.

ఎక్కడ తప్పాం

మా సిస్టర్‌కు పన్నెండేళ్ళ అనుభవం. అదే మెసేజ్ డ్రాఫ్ట్ లేకుండా ఒట్టిగా వచ్చి ఉంటే ఆమె ఖచ్చితంగా ఫోన్ చేసేది. మరి ఎందుకు చేయలేదని మెల్లగానే అడిగా, ఏడ్చింది పాపం, తర్వాత ఒక మాట చెప్పింది: "సార్, నేను మెసేజ్ చదవకముందే జవాబు చదివినా." స్క్రీన్ తెరిచి చూశా. పైన చిన్న అక్షరాల్లో పేషెంట్ మెసేజ్, కింద పెద్ద పచ్చ డబ్బాలో డ్రాఫ్ట్, పక్కనే పంపు అనే బటన్. కన్ను ముందు పోయేదే పచ్చ డబ్బా మీదికి. జవాబు నిండుగా, మర్యాదగా ఉంటే ప్రశ్నలో ఏదో లోటుందని ఎవరికి తడుతుంది?

తర్వాత 2024లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో వచ్చిన బోస్టన్ డాక్టర్ల స్టడీ మళ్ళీ తీసి చదివా, ఇంతకుముందు పైపైన చూసి వదిలేసిందే. క్యాన్సర్ పేషెంట్లు అడిగినట్టుగా 100 ప్రశ్నలు తయారుచేసి జీపీటీ-4 అనే ఏఐతో డ్రాఫ్ట్‌లు రాయించి డాక్టర్లతో చూపించారు. మార్చకుండా అలాగే పంపితే 7.1 శాతం తీవ్రమైన హాని చేయొచ్చు, 0.6 శాతం ప్రాణం తీయొచ్చు అన్నారు. అందులో ఎక్కువ భాగం తప్పుడు సమాచారం వల్ల కాదట, ఎంత అర్జెంటో పసిగట్టకపోవడం వల్లట. ఇంకొకటి, డ్రాఫ్ట్ చూసి డాక్టర్లు రాసిన జవాబులు డాక్టర్లు సొంతంగా రాసిన వాటికంటే ఆ డ్రాఫ్ట్‌లకే దగ్గరగా ఉన్నాయి. మా సిస్టర్ ఒక్కతే కాదు, బోస్టన్ డాక్టర్లు కూడా డ్రాఫ్ట్ వెనకే పోయారు.

సమ్మరీ తప్పు నాది. టూల్‌కి ఎక్కించిన దాంట్లో షుగర్, బీపీ, మందుల పేర్లు ఉన్నాయి, క్రియాటినిన్ లేదు, ఒంటరిగా ఉంటుందని లేదు, ఫోన్ చేసేది కొడుకు అని లేదు. రూల్ తప్పింది కూడా నేనే. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం ఫోన్, ఆన్‌లైన్ వైద్యానికి ఇచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది, ఏఐ పేషెంట్‌కు సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు, డాక్టర్‌కు సాయం చేయొచ్చు కానీ ఆఖరి మాట డాక్టర్ నేరుగా చెప్పాలి. మందు ఆపాలా అనే ప్రశ్న నా కంటపడకుండా దాటిపోయేలా ఏర్పాటు చేసింది నేనే. కొడుకు వచ్చినప్పుడు ఇదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పి క్షమించమని అడిగా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నేను డల్‌గా ఉందని రాసినా సార్. మా యమ్మ ఫోన్‌లో చెప్పింది, కండ్లు తెరవబుద్ధి కాల్యా అని" అన్నాడు. ఆమె మాట అలాగే మాకు చేరి ఉంటే సిస్టర్ కాదు, క్లినిక్ ఊడ్చే ఆమె కూడా లేపి పంపేది ఎవరినైనా.

ఏం మార్చాం

చాలామంది టూల్ తీసేయమన్నారు. తీసేస్తే మళ్ళీ నేను రాత్రి పదకొండుకు ఒంటిచేత్తో "తినొచ్చు, కొంచెం" కొట్టే రోజులొస్తాయి, అవి కూడా క్షేమమైన రోజులు కావు. పది రోజులు ఆపి ఆలోచించి, దాని పనే తిప్పేశాం. ఒంట్లో బాధ, లేదా మందు వేసుకోవాలా ఆపాలా అని ఉన్న మెసేజ్ ఏదైనా సరే, ఇప్పుడు అది జవాబు రాయదు, ప్రశ్నలు అడుగుతుంది. మొదట ఏడు పెట్టాం, మూడో ప్రశ్నకే జనం విసుక్కుని ఊరుకున్నారు, నాలుగుకు దించాం. మీరు ఇప్పుడు పేషెంట్ పక్కనే ఉన్నారా? పొద్దున్నుంచి ఏం తిన్నారు, ఎంత? ఒంటేలుకు ఎన్నిసార్లు పోయారు? పేరు పెట్టి పిలిస్తే ఎప్పట్లాగే పలుకుతున్నారా?

మొదటి దానికి లేదు అని వచ్చిందంటే మిగతా మూడూ అడగదు, నేరుగా ఎర్ర జాబితాలోకి పోతుంది, సిస్టర్ పేషెంట్ సొంత నంబర్‌కి, అది ఎత్తకపోతే పక్కింటి వాళ్ళ నంబర్‌కి ఫోన్ చేస్తుంది. అందుకని ఇప్పుడు ఓపీ చీటీలో పక్కింటి వాళ్ళ నంబర్ కూడా అడిగి రాసుకుంటున్నాం. పచ్చ డబ్బా తీయించేశాం, మెసేజ్ మొత్తం కిందికి జరిపితే తప్ప డ్రాఫ్ట్ కనపడదు. తిండి గురించి, టెస్టుకి పరగడుపున రావాలా అనేవాటి గురించి ఇంకా అదే రాస్తుంది, నేను చూశాకే పోతుంది, నాలుగు లైన్లు దాటితే కొట్టేస్తున్నా.

మాటల పట్టీ ఒకటి చేశాం, ఇది నాకు బాగా ఇష్టమైన పని. సిస్టర్, ఫార్మసీ అబ్బాయి, ఆయమ్మ, నేను కూర్చుని మన జనం ప్రమాదాన్ని ఏ మాటల్లో చెప్తారో ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాం. తెలివి ల్యా అంటే మన పల్లెల్లో స్పృహ లేదని, బుద్ధి లేదని కాదు. రొమ్ములో పట్టేసింది, గ్యాస్ పైకి తన్నింది అని యాభై దాటిన షుగర్ పేషెంట్ అంటే ముందు ఈసీజీ, తర్వాతే గ్యాస్ మాట. ఎగపోత అంటే ఆయాసం. తిక్కతిక్కగా మాట్లాడుతాంది అంటే ముందు షుగర్ చూడాలి. డల్‌గా ఉంది అనే మాట పట్టీలో అన్నిటికంటే పైన ఉంది, దాని పక్కన సిస్టర్ ఆ తేదీ వేసింది. వీటిలో ఏదొచ్చినా టూల్ నోరు మూసుకుని మమ్మల్ని లేపుతుంది.

టైం ఏమైనా మిగిలిందా అని అడుగుతారు. పెద్దగా మిగల్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగో వాళ్ళు 2024లో చూసినప్పుడు కూడా డ్రాఫ్ట్‌లతో డాక్టర్ మెసేజ్ చదివే టైం 21.8 శాతం పెరిగింది, జవాబు రాసే టైం తగ్గలేదు. మా దగ్గర నా టైపింగ్ తగ్గింది, సిస్టర్ ఫోన్లు పెరిగాయి, ఫోన్ల కోసమే సాయంత్రం పూట ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాం. ఖర్చు పెరిగింది, పర్లేదు.

ఆ అమ్మకు గ్లిమిపిరైడ్ పూర్తిగా తీసేసి లినాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మాత్ర పెట్టాం, కిడ్నీ కోసం డోసు మార్చే పని లేదు దానికి. మిగిలిన మాత్రలకు హార్లిక్స్ సీసా మీద ఫార్మసీ అబ్బాయి ఒక బొమ్మ వేసి అతికించాడు, ఖాళీ పళ్ళెం, పక్కన ఇంటూ మార్కు. బువ్వ లేకుంటే ఇవి లేవు, నాకు ఫోన్ చెయ్యి, నేను అరవను అని ఆమెతోనే మూడుసార్లు అనిపించుకున్నా. నవంబర్‌లో జ్వరం వచ్చింది, కొడుకు మళ్ళీ మెసేజ్ పెట్టాడు, మొదటి ప్రశ్నకు "లేదు సార్, బెంగళూరులో ఉన్నా" అన్నాడు, సిస్టర్ నేరుగా ఆమెకే ఫోన్ చేసింది. "బువ్వ దిగల్యా, మాత్రలు సీసాలోనే పెట్టినా, ఒంటేలుకు రెండుసార్లు పోయినా" అని అన్నీ తనే చెప్పింది. పొద్దున్నే చెల్లెలితో బస్సుకు వచ్చింది, క్రియాటినిన్ 1.4.

తేలనిది ఒకటి ఉంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మా దగ్గర ఫోన్ చేసే మనిషి లేదు. ఆ టైంలో పట్టీలో ఉన్న ప్రమాదం మాట ఏదైనా వస్తే 108కి ఫోన్ చేయమని ఒక్క లైను పోతుంది, నా ఫోన్ మోగుతుంది, కానీ నేను నిద్రలో ఎత్తకపోతే ఆ పైన ఎవరూ లేరు. టౌన్లో ఇంకో ఇద్దరు డాక్టర్లతో మాట్లాడుతున్నా, ముగ్గురం వంతులు వేసుకుని రాత్రి మెసేజ్‌లు చూద్దామని. ఒకరు సరే అన్నారు, ఇంకొకరు సంక్రాంతి అయ్యాక చెప్తా అన్నారు.